గోల్ ముందు గాడిపొయ్యి

మా ఊరి వాళ్ళకి సన్మానం చేయడం వచ్చినంత బాగా ఇంకో పని చేతకాదు. పామర్రు దాటి బందరు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే ఉంటుంది మా ఊరు. కాలువలో గుర్రపుడెక్క తీయడానికి రమ్మంటే ఒక్కడు రాడు గానీ, ఎవరికైనా శాలువా కప్పాలంటే మాత్రం సాయంత్రానికల్లా కమిటీ తయారు. వినాయక చవితికి పందిరి వేసేదీ వాళ్ళే, శ్రీరామనవమికి పానకం కలిపేదీ వాళ్ళే. వాళ్ళకి తెలిసిన పద్ధతి ఒక్కటే. పందిరి వెయ్యాలి, మైకు పెట్టాలి, దండ వెయ్యాలి, భోజనాలు పెట్టాలి. పోయినవాళ్ళకి సంతాప సభ అయినా, బతికున్న నాకు సన్మానమైనా అదే పందిరి, అదే మైకు, ఆ మైకులో అదే గొంతు.

భారత జట్టుకి హాకీ ఆడిన పాపానికి నేను ఆ పందిట్లో చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నా చరిత్ర మారిపోతూ ఉంటుంది. ఒకసారి నేను జట్టుకి కెప్టెన్‌ని, ఇంకోసారి ఒలింపిక్స్‌లో పతకం తెచ్చినదాన్ని. నేను ఒలింపిక్స్‌కి వెళ్ళనే లేదు మహాప్రభో అని మైకు పట్టుకున్నాయన చెవిలో చెబితే, “పోనీలెండి మేడమ్, జనానికి కాస్త ఉత్సాహంగా ఉంటుంది” అన్నాడు. నేను ఆడిన ఆటలో నిజం వాళ్ళకి చాలలేదన్నమాట. వేదిక దిగాక ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, “ఇంతకీ మీరు బ్యాటింగా, బౌలింగా అమ్మా?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. బ్యాటింగే అన్నాను. ఆయన సంతోషించాడు.

కాస్త తెలిసినవాళ్ళతో ఇంకో బాధ. ఎన్ని గోల్స్ కొట్టారని అడుగుతారు. నేను డిఫెండర్‌ని. గోల్స్ కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం నా పని. పెనాల్టీ కార్నర్ అప్పుడు మేం కొంతమందిమి గోల్ గీత వెనక నిలబడతాం. బంతి లోపలికి వేయగానే అవతలి జట్టు దాన్ని ఆపి, బలమంతా పెట్టి గోల్ మీదకి కొడుతుంది. ఆ కొట్టే మనిషి మీదకి అందరికంటే ముందు ఒకరు పరిగెత్తాలి. ఆ మొదటి పరుగు నాది. బంతి కర్రకి తగిలితే మంచిది, లేకపోతే మోకాలికో తొడకో తగులుతుంది. నా చూపుడువేలు ఇప్పటికీ తిన్నగా మడవదు. పళ్ళలో ముందు రెండూ నావి కావు. ఇదంతా చెప్పి చూశాను. “అంటే గోల్స్ ఏమీ లేవన్నమాట” అని పెదవి విరిచారు.

నా చిన్నప్పుడు ఈ సన్మానాల వాళ్ళంతా ఏమన్నారో నేను మర్చిపోలేదు. మాది నేతపని చేసుకునే ఇల్లు. మా నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే పొద్దుపోయేదాకా లేచేవాడు కాదు. అమ్మ నూలు కండెలు చుట్టేది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు పాత హాకీ కర్రలు కొన్ని ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి, మగపిల్లలు వాటిని ముట్టుకోకపోతే మా చేతుల్లో పెట్టారు. ఊరి గ్రౌండు అప్పుడు నల్లరేగడి. వేసవిలో నెర్రెలిచ్చేది, వానాకాలంలో చెప్పుల్ని పట్టుకుని వదిలేది కాదు. బంతి ఎటు ఎగురుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆ నేల మీద బంతి ఆపడం నేర్చుకున్నాను కాబట్టే తరవాత ఏ దేశంలోనూ బంతికి భయపడలేదు. అది మా ఊరు నాకు చేసిన ఉపకారం, తెలియక చేసింది.

వీధిలో లాగు వేసుకుని పరిగెత్తుతున్నానని ఊరంతా ఒకటే గోల. “ఎండలో మాడి నల్లబడితే ఎవడు చేసుకుంటాడే దీన్ని?” అని మా మేనత్త అరుగు మీద కూర్చుని నన్ను పిలిచి మరీ అనేది. ఆ మాట ఇప్పుడు గుర్తు చేస్తే, “నేనా? నేనెందుకంటాను, నిన్ను మొదట్నుంచీ మెచ్చుకున్నది నేనే కదే!” అంటుంది. నేను టీవీలో కనిపించిన రోజున ఇంటింటికీ వెళ్ళి చెప్పింది కూడా ఆవిడే. ఆవిణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, ఇంటికొస్తే కాఫీ ఇవ్వక తప్పదు.

అందరికంటే నాకు కోపం మా నాన్న మీద. ఆయన ఒక్క మాట అనలేదు, వద్దనలేదు. కానీ ఒక్క మ్యాచ్‌కి కూడా రాలేదు. బెజవాడలో ఆడినప్పుడు బస్సెక్కితే గంట దూరం. డ్రిల్లు మాస్టారు మనిషిని పంపినా రాలేదు. “నాకేం తెలుస్తుందమ్మా ఆ ఆట, మధ్యలో మగ్గం ఎందుకు ఆపడం?” అనేవాడు. “చూడ్డానికి చదువు అక్కర్లేదు నాన్నా, కళ్ళుంటే చాలు” అని నేను విసురుగా అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పక్కింట్లో టీవీలో మాత్రం చూసేవాడట. చూసి ఏమనుకునేవాడో నాతో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తరవాత క్యాంపులు, టోర్నమెంట్లు, విమానాలు. విమానాలంటే జనం ఏదో భోగం అనుకుంటారు. ఏ దేశం వెళ్ళినా నేను చూసింది హోటలు గది, బస్సు కిటికీ, నీళ్ళు కొట్టిన నీలం ప్లాస్టిక్ గడ్డి టర్ఫు. ఇంటికొస్తే, “అక్కడ ఏం కొన్నావు?” అని అడిగేవాళ్ళే తప్ప గెలిచామా ఓడామా అని అడిగినవాళ్ళు లేరు. ఒకసారి మా ట్రాక్‌సూట్లు టోర్నమెంట్ అయిపోయి మేం తిరిగొచ్చాక చేరాయి. అవి పంచిపెట్టడానికి కూడా ఒక సభ పెట్టారు, ఫొటోలు తీశారు. మోకాలు రెండోసారి మెలి తిరిగాక డాక్టరు ఇక చాలమ్మా అన్నాడు. జట్టు వాళ్ళకి ఫోన్ చేసి చెబితే సరే అన్నారు. అంతే, నా అంతర్జాతీయ జీవితం ఆ ఒక్క సరేతో ముగిసింది.

స్పోర్ట్స్ కోటాలో బెజవాడలో ఉద్యోగం ఉంది కాబట్టి తిండికి లోటు లేదు. భవానీపురంలో అద్దెకుంటున్నాను. ఆఫీసులో నా కుర్చీ వెనక నా ఫొటో పెట్టారు, పనికి మాత్రం నన్ను వచ్చిన ఉత్తరాలకి నంబర్లు వేసే ఇన్‌వార్డు సెక్షన్‌లో పడేశారు. సెలవు వస్తే చాలు, బస్సెక్కి ఊరెళ్ళి ఆడపిల్లలకి హాకీ నేర్పడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానంటే చెప్పలేను. ఆఫీసులో కూర్చుంటే పిచ్చెక్కుతుందేమోనని భయం వేసింది.

ఆ పిల్లల్లో ఒకతె ఉంది. దాని తల్లి పామర్రు సెంటర్లో టిఫిన్ బండి నడుపుతుంది. పిల్ల తెల్లారకముందే లేచి పచ్చళ్ళు రుబ్బిచ్చి గ్రౌండుకొచ్చేది. సన్నగా పుల్లలా ఉంటుంది గానీ, బంతి కొట్టే మనిషి మీదకి పరిగెత్తమంటే కళ్ళు ఆర్పకుండా పరిగెత్తేది. ఇది నేర్పితే వచ్చేది కాదు. నేను ఎంతోమంది పిల్లల్ని చూశాను, దెబ్బ తగులుతుందని తెలిసిన క్షణంలో ఒంట్లో ఏదో వెనక్కి లాగుతుంది. దానికి అది లేదు. అది నాకంటే గొప్ప ఆటగత్తె అవుతుందని నాకు తెలుసు, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

కానీ దానికి వయసు మించిపోతోంది. హాస్టలూ టర్ఫూ కోచ్‌లూ ఉన్న అకాడమీలో చేరడానికి ఆ ఏడాదే ఆఖరు. తల్లి ముందే చెప్పేసింది. “ఈసారి తీసుకుంటే పంపిస్తానండీ. లేదంటే బెజవాడ బట్టల షాపులో మా చెల్లెలు మాట్లాడి పెట్టింది, అక్కడ చేర్పించేస్తాను. మీరింక ఏమీ అనకూడదు మరి.” ఆవిడ మాటలో తప్పు లేదు. నేను సరేనన్నాను. అకాడమీకి పిల్లల్ని ఎంపిక చేసే మేడమ్‌కి ఫోన్ మీద ఫోన్ చేసి, బతిమాలి, పోట్లాడి, ఒక సోమవారం పొద్దున్న మా ఊరికే వచ్చి చూసేలా ఒప్పించాను. ఆవిడ కూడా ఒకప్పుడు ఆడిన మనిషే. “మధ్యాహ్నానికి ఇంకో జిల్లాలో ఉండాలి, ఎక్కువసేపు ఉండలేను” అంది. ఉన్నంతసేపు చాలన్నాను.

నల్లరేగడి మీద పిల్ల ఆట కనిపించదని, ఆ వేసవంతా గ్రౌండు బాగుచేయించాను. మైలవరం వైపు కొండల దగ్గర్నుంచి ఎర్ర గ్రావెల్ తోలించి, పరిపించి, నీళ్ళు కొట్టి, రోలర్ లాగాం. రోలర్ లాగింది పిల్లలూ నేనూ డ్రిల్లు మాస్టారూ. ఊళ్ళో మగాళ్ళు గోడ మీద కూర్చుని, “ఇంకాస్త ఎడమకి లాగండి మేడమ్” అని సలహాలిచ్చారు. వానలు పడి ఆరాక నేల ఎంత బాగా గట్టిపడిందంటే, గోల్ ముందు బంతి జారిపోతుంటే ఆ చప్పుడుకే నాకు ఆనందమేసేది.

ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే నాకేదో అవార్డు ఇస్తారని పేపర్లో పడింది. పడ్డ మర్నాడే కమిటీ వాళ్ళు భవానీపురం వచ్చేశారు. ఆదివారం నాడు ఘనసన్మానం అన్నారు. నేను దండం పెట్టి చెప్పాను. సోమవారం పిల్లల సెలెక్షన్ ఉంది, ఇప్పుడొద్దు, అంతగా చెయ్యాలనుంటే కళ్యాణమండపంలో చెయ్యండి, గ్రౌండు జోలికి మాత్రం రావద్దు అని.

“భలేవారే మేడమ్! హాకీ ప్లేయర్‌కి హాకీ గ్రౌండ్‌లో కాకపోతే పెళ్ళిళ్ళు చేసే చోట సన్మానం ఏంటండీ? నలుగురూ నవ్వరూ?” అన్నాడు అధ్యక్షుడు.

“గ్రౌండ్ పాడైపోతుందండీ.”

“ఒక మూలన వేస్తాం కదా చిన్న పందిరి. మీరు వర్రీ అవ్వకండి. అంతా మా మీద వదిలెయ్యండి.”

వదిలెయ్యమన్నారు. ఎవరైనా ఈ మాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి విరిగింది నాకు. ఆఫీసులో ఆ వారం ఆడిట్ పెట్టుకున్నారు, శనివారం కూడా సెలవివ్వలేదు. మా నాన్నకి ఫోన్ చేసి, “గ్రౌండు వైపు ఓ కన్నేసి ఉంచు నాన్నా, ఒక మూలన పందిరి వేస్తారట, మధ్యలోకి రానివ్వకు” అన్నాను. “అదంతా నేను చూసుకుంటాలే, నువ్వు నిమ్మళంగా రా” అన్నాడు. ఆ గొంతులో ఏదో హుషారు వినిపించింది. పెద్దాయనకి కాలక్షేపం దొరికిందిలే అనుకున్నాను.

ఆదివారం బస్సు దిగీ దిగగానే డప్పులు. టాప్ లేని జీపెక్కించి, మెడలో గజమాల వేసి, ఊరంతా తిప్పారు. ఎండకి తల తిరిగిపోతోంది. ఫ్లెక్సీలో నా మొహం పక్కన క్రికెట్ బ్యాట్ బొమ్మ ఉంది. గ్రౌండుకి వెనక గేటు గుండా తీసుకెళ్ళి నేరుగా వేదిక మీద కూర్చోబెట్టారు. వేదిక మూలన లేదు, నడిబొడ్డున ఉంది. పందిరి రాటల కోసం గునపాలతో ఎక్కడపడితే అక్కడ పొడిచారు. ముఖ్య అతిథికి దుమ్ము రాకుండా ట్యాంకరుతో నీళ్ళు కొడితే, ఆ తడి మీదే కార్లు ఎక్కించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన అధ్యక్షుడు, “ఏర్పాట్లు ఎలా ఉన్నాయి మేడమ్?” అని పళ్ళికిలించాడు.

ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడు ఆలస్యంగా వచ్చి చాలాసేపు మాట్లాడాడు. నన్ను చూసి దేశం గర్విస్తోందన్నాడు. ఇలాంటి ఆడపిల్లలు ఊరికొకరు పుట్టాలన్నాడు. పుట్టినవాళ్ళు గ్రౌండు చివర ఎండలో నిలబడి పూలు పట్టుకుని ఉన్నారు, వాళ్ళని ఎవరూ కూర్చోమనలేదు. నా చేతికి మైకిచ్చాక లేచి నిలబడితే, జనం తలల మీదుగా అవతలి వైపు పొగ కనిపించింది. గోల్ ముందునుంచి పొగ. గోల్ పోస్టులకి కొద్ది అడుగుల దూరంలో, మేం డి అని పిలిచే ఆ అర్ధచక్రం లోపల, పొడుగ్గా గాడిపొయ్యి తవ్వి, వరసగా డేగిసాలు ఎక్కించి వంటలు చేస్తున్నారు. సరిగ్గా పెనాల్టీ కార్నర్‌కి పిల్ల పరిగెత్తే దారిలో.

నేను రాసుకొచ్చిన రెండు మాటలూ పోయాయి. మైకులోనే అరిచాను. “ఆ పొయ్యి అక్కడ తవ్విందెవరు? రేపు పొద్దున్న పిల్లలు అక్కడ ఆడాలి. ఏ బుద్ధిలేని మనిషి తవ్వాడు దాన్ని?”

జనం చప్పట్లు కొట్టారు. నేను ఏదన్నా కొడతారు, వాళ్ళు వచ్చిందే చప్పట్లు కొట్టడానికి. నేను ఇంకా గట్టిగా, “అడుగుతున్నది మిమ్మల్నే! ఎవరు తవ్వారు?” అన్నాను. అప్పుడు పొగలోంచి పెద్ద గరిటె ఒకటి పైకి లేచింది. తలగుడ్డ చుట్టుకుని, చెమటలు కక్కుతూ మా నాన్న.

“నేనేనమ్మా” అన్నాడు.

పందిరంతా ఒకటే నవ్వులు. మైకాయన నా చేతిలోంచి మైకు లాక్కుని, “చూశారా, తండ్రీకూతుళ్ళ సరదా! ఈ రోజు భోజనాలన్నీ మేడమ్ గారి నాన్నగారి తరఫునండీ, ఎవరూ తినకుండా వెళ్ళొద్దు” అని ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు.

నేను వేదిక దిగి వెళ్ళిపోయాను. భోజనం చేయలేదు. ఊరంతా తిన్నది. నన్ను నల్లపిల్లన్న మేనత్త, లాగులు వేసుకుంటుందని మా ఇంటి ముందునుంచి నడవడం మానేసిన పెద్దమనిషి, అందరూ బంతిలో కూర్చుని తిన్నారు. మా నాన్న ఒక్కొక్కరి ముందూ వంగి వడ్డించాడు, “మొహమాట పడకండి, మా అమ్మాయి భోజనం” అంటూ. గ్రౌండు పక్కనున్న స్కూలు వరండాలోంచి నాకన్నీ కనపడుతూనే ఉన్నాయి, వినపడుతూనే ఉన్నాయి. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది నాకు.

జనం వెళ్ళాక పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నిప్పులింకా ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు పోస్తే బూడిద బురదై కూర్చుంది. పందిరి వాళ్ళు రాటలు పీక్కుని వెళ్ళిపోయారు, గోతులు మాత్రం మాకు వదిలారు. అధ్యక్షుణ్ణి పిలిస్తే, “రేపు పొద్దున్నే మనుషుల్ని పంపిస్తాం మేడమ్” అన్నాడు. అతనికి రేపు పొద్దున్న అంటే ఏ పూటో నాకు తెలుసు. పిల్లలూ నేనూ తట్టలు పట్టుకున్నాం. మా నాన్న పార తీసుకొచ్చి బూడిద తోడటం మొదలుపెట్టాడు.

“ఊళ్ళో ఇంత స్థలం ఉంటే నీకు ఇక్కడే దొరికిందా?” అన్నాను.

ఆయన పార ఆపలేదు. “టీవీలో ఎప్పుడు చూసినా నువ్వు ఇక్కడే నిలబడతావు కదమ్మా, ఈ కొయ్యల ముందు. ఇది నీ చోటు అనుకున్నా. నిన్ను అన్ని మాటలన్న ఊరికి నీ చోట్లో అన్నం పెడదామని” అన్నాడు.

“అన్నం ఎక్కడైనా పెట్టొచ్చు నాన్నా! గోల్ ఎక్కడపడితే అక్కడ పెట్టలేం కదా!”

“ఆ సంగతి తెలీలేదమ్మా” అన్నాడు.

తెలియకపోవడానికి కారణం ఆయన ఒక్కసారి కూడా రాకపోవడమే కదా అందామని నోటి దాకా వచ్చింది. మింగేశాను. గొయ్యి పూడ్చి, ఎర్రమట్టి పోసి, చీకటి పడేదాకా దిమ్మిసతో కొట్టాం. పైకి చూస్తే చదునుగానే ఉంది. కానీ కింద తడి, పూడ్చిన మట్టి ఒక్కరోజులో గట్టిపడదు. పిల్లని పిలిచి, “ఇక్కడ నేల మెత్తగా ఉంటుంది, జాగ్రత్త” అన్నాను. జాగ్రత్త అన్న మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు, అదే మొదటిసారి.

సోమవారం అకాడమీ మేడమ్ చెప్పిన టైముకే వచ్చింది. గ్రౌండు చూసి మొహం చిట్లించి, “నిన్న ఇక్కడ పెళ్ళేమైనా అయిందా?” అంది. నా సన్మానం అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి ఇంకేమీ అడగలేదు. ఆవిడకీ అయ్యుంటాయి సన్మానాలు. పిల్లలందరితో కాసేపు ఆడించింది. మా పిల్ల బంతి తీసుకున్న తీరుకి ఆవిడ కూర్చున్నదల్లా లేచి నిలబడింది. “ఈ అమ్మాయితో పెనాల్టీ కార్నర్లు చేయించండి” అంది. మా నాన్న గోల్ వెనక నిలబడి ఉన్నాడు. మగ్గం ఆపి, ఉతికిన చొక్కా వేసుకుని ఒక ఆట చూడటానికి రావడం ఆయన జీవితంలో అదే మొదలు.

మొదటి బంతికి పిల్ల దూసుకెళ్ళి కర్రతో కొట్టేసింది. మేడమ్ తల ఊపింది. రెండో బంతికి అంతే వేగంగా బయలుదేరింది. పూడ్చిన చోట కాలు చీలమండ దాకా దిగింది. ముందుకి పడింది, బంతి దాని మీదుగా వెళ్ళి గోల్‌లో పడింది. లేచింది, మోచేయి దులుపుకుంది, ఏం కాలేదంది. మూడోసారి పరిగెత్తింది. కానీ బంతిని చూడలేదు. నేలని చూసింది. చూసింది ఒక్క క్షణమే, కానీ నేను చూశాను, మేడమ్ చూసింది. నాలుగోసారీ అంతే.

మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. “నేల బాలేదని నాకూ తెలుసండీ. కానీ అమ్మాయి ఆగింది. ఒకసారి ఆగిన మనిషి మళ్ళీ ఆగకుండా పరిగెత్తడానికి ఎంత కాలం పడుతుందో మీకు చెప్పాలా? చిన్న వయసైతే తీసుకునేదాన్ని. మీకు తెలుసు.” నాకు తెలుసు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే చెప్పేదాన్ని. అయినా, “ఇంకో నాలుగు బంతులు చూడండి” అన్నాను. ఆవిడ వాచీ చూసుకుంది.

ఇంతలో మా నాన్న గోల్ చుట్టూ తిరిగి, మట్టిలో పడుతూ లేస్తూ మా దగ్గరికొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, “మేడమ్ గారండీ, ఆ గోల్ పిల్ల వల్ల పడలేదండీ. నా వల్ల పడింది. అక్కడ గొయ్యి తవ్వింది నేనండీ. పిల్ల ఖాతాలో వెయ్యకండి. నా పేరున రాసుకోండి” అన్నాడు. “అలా రాయడం కుదరదు బాబాయ్ గారూ” అంది మేడమ్. “ఎందుకు కుదరదండీ? తప్పు నాదైతే శిక్ష దానికెలా వేస్తారు?” అని గట్టిగా అడిగాడు. మా నాన్న గొంతు పెంచడం నేను అంతకుముందు వినలేదు. ఆవిడ నా చెయ్యి నొక్కి కారెక్కి వెళ్ళిపోయింది.

కారు వెనక దుమ్ము లేస్తుంటే కమిటీ అధ్యక్షుడు మోటారుసైకిల్ మీద ఇద్దరు కూలీల్ని వెంటేసుకుని అప్పుడొచ్చాడు. “అయిపోయిందా మేడమ్? అయ్యో! పోనీలెండి, సన్మానం మాత్రం జిల్లాలో ఎక్కడా జరగనంత ఘనంగా జరిగింది” అన్నాడు. నా చేతిలో కర్ర ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను, లేకపోతే ఏం జరిగేదో.

మా నాన్న గోల్ పోస్టు పట్టుకుని నిలబడిపోయాడు. పిల్ల మోచేతి రక్తం చొక్కా అంచుకి తుడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది. బట్టల షాపుకి వెళ్ళాల్సింది అది. ఇంట్లో తల్లికి చెప్పుకోవాల్సింది అది. దానికి ఏడుపు రావాలి, కోపం రావాలి, పక్కనున్న పార తీసి మా అందరి మీదా విసరాలి. నాకు ఏడుపు ఆగడం లేదు.

అది మా నాన్న చెయ్యి పట్టుకుని, “పర్లేదు తాతగారూ” అంది. ఆయన తలెత్తలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి, “నిన్న భోజనం చాలా బాగుందండీ. మా అమ్మ కూడా అంది” అంది.

మా నాన్న అక్కడే, ఆ మెత్తటి మట్టిలో కూలబడ్డాడు.